రియాల్ అన్న మాట ఏ ఊరిది?

కోనసీమలో గల్ఫ్ సొమ్ము తెలియని వీధి లేదు. అమలాపురం, రాజోలు, మలికిపురం, కొత్తపేట... ఏ ఊరెళ్ళినా మస్కట్‌లోనో, దోహాలోనో, రియాద్‌లోనో మనవాళ్ళొకరు ఉంటారు. పొద్దున్నే ఫోన్ తీసి ఇవాళ రియాల్ రేటు ఎంతుందో చూసుకునేవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఆ మాట మన నోట్లో అంతగా నలిగిపోయింది. అరబ్బు దేశాల డబ్బు కాబట్టి మాట కూడా అరబ్బుదే అనుకుంటాం. కాదండి. అది స్పెయిన్ మాట. వాళ్ళ భాషలో దానికి ‘రాజుగారిది’ అని అర్థం.

ఇప్పుడు రెండో మాట చెప్తాను. స్పానిష్ నిఘంటువు తెరిస్తే ‘మదపొలాన్’ అని ఒక మాట కనిపిస్తాది. మంచి తెల్లటి నూలుగుడ్డ అని దానర్థం. ఆ మాట ఎక్కడిదనుకున్నారు? మన సఖినేటిపల్లి రేవులో పంటెక్కి, వశిష్ఠ గోదారి దాటి, నరసాపురం వైపు దిగితే వచ్చే మాధవాయిపాలెం. ఆ ఊరి పేరే తెల్లోళ్ళ నోట్లో పడి ‘మదపోలం’ అయింది. అక్కడ కొన్న గుడ్డకి ఆ పేరే స్థిరపడిపోయింది.

వాళ్ళ నాణెం పేరు మన జేబులోకొచ్చింది. మన రేవు పేరు వాళ్ళ నిఘంటువులోకెళ్ళింది. స్పెయిన్‌వాళ్ళు గోదారి ఒడ్డున ఒక్క కోట కట్టలేదు, ఒక్క ఊరు ఏలలేదు. మరి ఇదెలా జరిగింది? బడిలో మాకు వాస్కోడగామా పేరు చెప్పి, అక్కణ్ణించి నేరుగా ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి తీసుకుపోయేరు. మధ్యలో ఉన్న వెండి కథ ఎవరూ చెప్పలేదు. ఆ కథ ఇవాళ్టి మన బతుక్కి కూడా పనికొస్తాది. అందుకే రాస్తున్నాను.

ఒక కొండ, ఒక నాణెం

దక్షిణ అమెరికాలో ఇప్పటి బొలీవియా దేశంలో పొతోసి అని ఒక ఊరుంది. సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తు. 1545లో అక్కడ కొండలో వెండి బయటపడింది. మామూలు వెండి కాదు, ప్రపంచాన్ని తిప్పేసినంత వెండి. స్పెయిన్ రాజు ఆ దేశాన్ని అప్పటికే ఆక్రమించేడు. 1570ల్లో అక్కడి స్పెయిన్ ప్రతినిధి తొలేదో ‘మిత’ అనే పద్ధతి ఖాయం చేసేడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మగాళ్ళలో ఏడుగురికి ఒకరి చొప్పున ఏడాదికి సుమారు 13,000 మంది గనుల్లోకి వెళ్ళి తీరాలి. కూలి పేరుకే. కొండ కూలిపోయి, దుమ్ము పీల్చి, వెండి తీయడానికి వాడే పాదరసం సోకి ఎంతమంది పోయేరో. మన వెట్టిచాకిరీకి అన్నలాంటిది ఆ మిత.

ఆ వెండితో ముద్ర కొట్టిన నాణెమే ఎనిమిది రియాళ్ళ బిళ్ళ. బరువు సుమారు 27 గ్రాములు. ఎక్కడికెళ్ళినా అదే బరువు, దాదాపు అదే నాణ్యత. అందుకే చైనా నుంచి అరేబియా దాకా అందరూ దాన్ని నమ్మేరు. అమెరికా డాలరు కూడా దీన్ని చూసి పుట్టిందే. 1857 దాకా అమెరికాలో ఈ స్పానిష్ బిళ్ళ చట్టప్రకారం చెల్లింది. ఎర్రసముద్రం, పర్షియా ఖాతం రేవుల్లో వర్తకులు ఏళ్ళ తరబడి దాన్ని లెక్కపెట్టుకుని, చివరికి డబ్బుకి ఆ పేరే పెట్టుకున్నారు. సౌదీ, ఖతర్, ఒమన్, యెమెన్, ఇరాన్... అన్నిచోట్లా ఆ పేరే మిగిలింది. కువైట్ దినార్ రోమన్ల దేనారియస్ నుంచి, దుబాయ్ దిర్హం గ్రీకుల ద్రాఖ్మా నుంచి వచ్చేయి. డబ్బుకి పాస్‌పోర్టు అక్కర్లేదు మరి.

వెండి గోదారి దాకా ఎలా వచ్చింది

1494లో స్పెయిన్, పోర్చుగల్ తొర్దెసియాస్ అనే ఊళ్ళో కూర్చుని, వాళ్ళకి తెలిసిన, తెలియని సముద్రాలన్నీ గీత గీసి పంచేసుకున్నారు. అడిగేవాడెవడూ లేడు. తూర్పు దారి పోర్చుగల్‌కి పడింది. అందుకే గోవాకి పోర్చుగీసువాళ్ళు వచ్చేరు, స్పెయిన్‌వాళ్ళు రాలేదు. వాళ్ళు అటునించి తిరిగి, మెక్సికో నుంచి పసిఫిక్ దాటి ఫిలిప్పీన్స్ చేరేరు. 1571లో మనీలాని రాజధాని చేసుకున్నారు. 1565 నుంచి 1815 దాకా, అంటే 250 ఏళ్ళు, మెక్సికోలోని అకపుల్కో రేవుకీ మనీలాకీ మధ్య వాళ్ళ ఓడలు తిరిగేయి. అటునించి వెండి, ఇటునించి పట్టు, పింగాణీ, నూలుగుడ్డ.

మన ఒడ్డుకి వెండి వచ్చిన దారులు మూడు. ఒకటి, అమెరికా నుంచి స్పెయిన్, అక్కణ్ణించి ఆమ్‌స్టర్‌డామ్, లండన్, అక్కణ్ణించి డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ఓడల్లో ఆఫ్రికా చుట్టి మచిలీపట్నం, మద్రాసు. రెండోది, అరబ్బు రేవుల మీదుగా. మూడోది, మనీలా నుంచి నేరుగా మద్రాసు.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. తెల్లోళ్ళు వెండే ఎందుకు తెచ్చేరు? ఎందుకంటే మనకి అమ్మడానికి వాళ్ళ దగ్గర ఇంకేం లేదు. వాళ్ళ ఉన్నిగుడ్డలు మచిలీపట్నం ఎండలో ఎవడు కట్టుకుంటాడు? వాళ్ళకేమో మన నూలుగుడ్డ కావాలి. ఐరోపాలో అమ్మడానికే కాదు, ఇండోనేసియా దీవుల్లో లవంగాలూ జాజికాయలూ కొనాలన్నా కోరమాండల్ గుడ్డే ఇవ్వాలి. అక్కడ గుడ్డే డబ్బు. అందుకని డచ్చివాళ్ళు 1600ల మొదట్లోనే మచిలీపట్నంలో దిగేరు, తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం వచ్చేరు. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నం చేరి, తర్వాత మాధవాయిపాలెం, ఇంజరం, మన అల్లవరం పక్క బెండమూర్లంకలో గిడ్డంగులు పెట్టేరు. ఫ్రెంచివాళ్ళు 1723లో యానాం చేరేరు. మ్యాపు తీసి చూడండి. కోనసీమ చుట్టూ, గోదారి పాయ ప్రతి మూతి దగ్గరా ఒక కొనుగోలుదారుడు కూర్చున్నాడు.

వచ్చిన వెండిని అలాగే మన సంతల్లో ఖర్చుపెట్టలేదు. షరాబులు తూచి, గీటు పెట్టి, కరిగించి రూపాయలుగానో, బంగారు వరహాలకి మారుగానో మార్చేవారు. అలా పొతోసి కొండలో ఒకడు చచ్చి తీసిన వెండి, గోదారి ఒడ్డున ఇంకొకడు కళ్ళు పోగొట్టుకుని నేసిన గుడ్డకి ధర అయింది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు వినలేదు.

నేసినోడికి ఎంత మిగిలింది?

వెండి వచ్చింది కాబట్టి మనవాళ్ళు బాగుపడ్డారా? ఈ ప్రశ్నకి అవును అనీ చెప్పలేం, కాదు అనీ చెప్పలేం. పని దొరికింది, అది నిజం. దేవాంగులు, పద్మశాలీలు సన్నరకం నేస్తే, చాలాచోట్ల మాలపల్లెల్లో ముతకగుడ్డ నేసేవారు. నూలు వడికే ఆడోళ్ళు, రంగు వేసేవాళ్ళు, చలవ చేసే చాకళ్ళు, దూది మోసే ఎడ్లబళ్ళవాళ్ళు, నరసాపురంలో ఓడలు కట్టే వడ్రంగులు... ఎన్నో పొయ్యిలు వెలిగేయి.

కానీ వెండి సంచీ నేరుగా మగ్గం దగ్గరికి రాలేదు. కంపెనీ తెల్లోడు దుబాసీకో పెద్ద వర్తకుడికో ఇస్తాడు. అతను చిన్న దళారీకి ఇస్తాడు. ఆ దళారీ ఊరొచ్చి నేతగాడికి బయానా ఇస్తాడు. ఆ బయానాతో నూలు కొనాలి, గింజలు కొనాలి. గుడ్డ తెచ్చేక కంపెనీ గిడ్డంగిలో రకాలు కడతారు. కొలత తగ్గింది, నేత పలచగా ఉంది అని రకం దించేస్తే ధర పడిపోద్ది. పడిన తేడా అప్పు కింద మిగులుద్ది. అప్పు తీర్చడానికి మళ్ళీ బయానా తీసుకోవాలి.

అయినా ఒక కాలం దాకా నేతగాడి చేతిలో ఒక ఆయుధం ఉండేది. ఇంగ్లీషువాడు ధర తగ్గిస్తే డచ్చివాడున్నాడు. డచ్చివాడు తిప్పికొడితే యానాంలో ఫ్రెంచివాడున్నాడు. ఎవడూ కాకపోతే మన వర్తకులే ఉన్నారు. మరీ పీడిస్తే మగ్గం విప్పుకుని గోదారి దాటి ఇంకో ఊరెళ్ళిపోవచ్చు.

ఆ ఆయుధం ఎలా పోయిందో చూడండి. ముందు కొనేవాళ్ళలో వాళ్ళకి వాళ్ళకే యుద్ధం వచ్చింది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి మాధవాయిపాలెం, బెండమూర్లంక, ఇంజరం మూడు ఇంగ్లీషు గిడ్డంగులూ పట్టేసుకున్నాడు. మరుసటేడే ఫ్రెంచివాళ్ళు ఓడిపోయేరు. 1765లో ఉత్తర సర్కారులు మొగలు పాదుషా ఫర్మానాతో ఇంగ్లీషు కంపెనీకి వెళ్ళిపోయేయి. అంతే. గుడ్డ కొనే షావుకారే ఊరికి రాజయ్యేడు. నేతగాడి మీద కేసు పెట్టేది వాడే, తీర్పు చెప్పేదీ వాడే.

ఇంకా అసలు మాట ఏటంటే, ఆ తర్వాత వాడు బయటనుంచి వెండి తేవలసిన పని కూడా తగ్గిపోయింది. మన రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి, ఆ శిస్తు సొమ్ముతోనే మన నేతగాళ్ళ దగ్గర గుడ్డ కొని, ఓడెక్కించేసేవాడు. అంటే మన గుడ్డ మన డబ్బుతోనే కొని పట్టుకుపోయేడు. నాకు ఈ ముక్క మొదటిసారి అర్థమైనప్పుడు పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను. 1700ల చివర్లో ఉత్తర సర్కారుల్లో నేతగాళ్ళు ఊరికే ఊరుకోలేదు. మగ్గాలు ఆపేరు, గుంపుగా వెళ్ళి అర్జీలు పెట్టేరు. తర్వాత మాంచెస్టర్ మిల్లుగుడ్డ వచ్చి మీద పడింది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది. మదపోలం అన్న పేరు మిల్లుగుడ్డకి కూడా అతికించి అమ్ముకున్నారు. పేరు మనది, లాభం వాళ్ళది.

ఇవాళ బండారులంకలో మగ్గం చప్పుడు వినిపిస్తే అది చీర నేస్తున్న చప్పుడే కాదు, మిగిలి ఉన్నామని చెప్పే చప్పుడు కూడా.

మనీలా దారిలో మనుషులు

మద్రాసు–మనీలా వ్యాపారంలో ఒక తమాషా ఉంది. స్పెయిన్‌వాళ్ళు ఇంగ్లీషు ఓడల్ని మనీలాలోకి రానిచ్చేవారు కాదు. అందుకని ఇంగ్లీషు వర్తకులు ఆర్మీనియన్ల పేరు మీదా, ఇంకొకళ్ళ పేరు మీదా సరుకు పంపించేవారు. బినామీ మన కాలంలో పుట్టింది కాదు. మద్రాసులో పేత్రుస్ ఉస్కాన్ అనే ఆర్మీనియన్ వర్తకుడు మనీలా వ్యాపారంలో బాగా గడించేడు. ఆ సొమ్ముతో 1726లో సైదాపేట దగ్గర అడయారు నది మీద వంతెన కట్టించేడు.

1762లో ఇంగ్లీషువాళ్ళు మద్రాసు నుంచి ఓడల్లో సైన్యాన్ని తీసుకెళ్ళి మనీలానే పట్టేసుకున్నారు. 1764లో వదిలి వచ్చేటప్పుడు మద్రాసు సిపాయిలు కొందరు తిరిగి రాలేదు. మనీలా పక్కన కైంతా అనే ఊళ్ళో ఉండిపోయి, అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడుంది.

ఇది బాగానే ఉన్న కథ. బాగులేని కథా ఉంది. ఆ ఓడల్లో గుడ్డతోపాటు మనుషుల్నీ అమ్మేరు. మొగలు రాజ్యంలో పుట్టిన ఒక అమ్మాయిని 1600ల మొదట్లో పోర్చుగీసు దొంగలు ఎత్తుకుపోయి, కొచ్చిన్ మీదుగా మనీలాలో అమ్మేరు. అక్కణ్ణించి మెక్సికో. అక్కడ కతరీనా దె సాన్ హువాన్ అని పేరు పెట్టేరు. 1688లో ఆమె చచ్చిపోయినప్పుడు ప్వెబ్లా ఊరు ఊరంతా కదిలొచ్చింది. ఆమెని పుణ్యాత్మురాలన్నారు. ఆమె సొంత ఊరికి మాత్రం ఆమె కబురు ఎప్పుడూ చేరలేదు. ఇలా అమ్ముడుపోయిన ఆసియావాళ్ళు వేలల్లో ఉన్నారు. 1672లో గానీ స్పెయిన్ వాళ్ళని బానిసలుగా ఉంచకూడదని చెప్పలేదు.

మన కంచంలోకి ఏమొచ్చింది, మన చెట్టు ఎక్కడికెళ్ళింది

వెండి కరిగిపోయింది. మొక్కలు మాత్రం మిగిలేయి. మిరపకాయ అమెరికాది. 1500ల్లో పోర్చుగీసు ఓడల్లో మన దేశం చేరింది. అంతకుముందు మన కారం అంటే మిరియం, అల్లం, పిప్పళ్ళు. మిరియం పేరు పక్కనే మిరప పేరు పుట్టింది. అంటే ఎర్రకారం కలిపిన మన ఆవకాయ వయసు ఎంత లెక్కేసినా ఐదొందల ఏళ్ళు దాటదు. జామ, బొప్పాయి, అనాస, టమాటా, వేరుశనగ, మొక్కజొన్న, బంగాళాదుంప... అన్నీ అటునించి వచ్చినవే. సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం కూడా అమెరికాదే. లంకల్లో పండించిన పొగాకు, దాంతో చుట్టిన చుట్ట కూడా అంతే.

సఖినేటిపల్లి దగ్గర మోరి జీడిపప్పు తెలియనివాళ్ళుండరు. జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. మనకి ముందే నల్లజీడి తెలుసు కాబట్టి కొత్తదానికి ఆ పేరు కలిపేరు. ఇవాళ కొబ్బరితోటల్లో నీడన పెంచుతున్న కోకో కూడా అమెరికాదే. స్పెయిన్‌వాళ్ళే దాన్ని అకపుల్కో ఓడల్లో ఫిలిప్పీన్స్ తెచ్చి ఆసియాకి పరిచయం చేసేరు.

అటు వెళ్ళిందేటి? కొబ్బరి! ఫిలిప్పీన్స్ నుంచి కొబ్బరిచెట్టూ, దానితోపాటు చెట్టెక్కి కల్లు తీసే మనుషులూ మెక్సికో పడమటి ఒడ్డు చేరేరు. కొలీమా అనే చోట ఇప్పటికీ కొబ్బరికల్లు తాగుతారు, ‘తూబా’ అంటారు. 1619లో సెబాస్తియాన్ దె పినెదా అనే ఓడల కెప్టెన్ స్పెయిన్ రాజుకి మొరపెట్టుకున్నాడు. ఏమనీ? ఈ ఫిలిప్పీన్స్‌వాళ్ళ కొబ్బరిసారా రుచి మరిగి, జనం స్పెయిన్ ద్రాక్షసారా కొనడం మానేస్తున్నారని. చెట్టెక్కడం తెలిసిన పేదోడు రాజుగారి ఖజానాకే చిల్లు పెట్టేడన్నమాట.

అందుకే ‘మా సంప్రదాయం, మా వంట, మా పంట ఆదినుంచీ ఇంతే’ అని ఎవరన్నా గట్టిగా అరిస్తే, ముందు వాళ్ళింటి ఆవకాయ జాడీ చూపించండి. బయటనుంచి వచ్చినదాన్ని మనం మనది చేసుకున్నాం. అందులో తప్పేం లేదు, తెలివే ఉంది.

మరి స్పెయిన్ ఏమైంది?

ఇంత వెండి తెచ్చుకున్న స్పెయిన్ కుబేరుడైపోవాలి కదా? అవలేదు. వచ్చిన వెండి యుద్ధాలకీ అప్పులకీ పోయింది. సరుకు తయారు చెయ్యడం తగ్గి కొనుక్కోవడం పెరిగింది. ఊళ్ళో ధరలు ఆకాశాన్నంటేయి. 1557, 1575, 1596... ఆ శతాబ్దంలోనే రాజు పదేపదే అప్పులు తీర్చలేనని చేతులెత్తేసేడు. వెండి వాళ్ళ చేతుల్లోంచి వెళ్ళింది గానీ చేతుల్లో ఉండలేదు.

ఈ ముక్క దగ్గర నాకు కోనసీమే గుర్తొస్తాది. రియాళ్ళు వస్తున్నాయి. ఇళ్ళు లేస్తున్నాయి. సెంటు స్థలం ధర, పెళ్ళి ఖర్చు, ఫంక్షన్‌హాలు అద్దె కూడా లేస్తున్నాయి. తిరిగొచ్చిన మనిషికి మాత్రం ఊళ్ళో పని లేదు. అప్పుడు గుడ్డ పంపించి వెండి తెచ్చుకున్నాం. ఇప్పుడు మనుషుల్ని పంపించి రియాల్ తెచ్చుకుంటున్నాం. మధ్యలో దుబాసీ పోయి ఏజెంటు వచ్చేడు. బయానా అప్పు పోయి వీసా అప్పు వచ్చింది.

ఈ కథ నుంచి నేను మూడు ప్రశ్నలు నేర్చుకున్నాను. గల్ఫ్ వెళ్ళేవాళ్ళైనా, కోకో గింజ అమ్మేవాళ్ళైనా, అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయ తోలేవాళ్ళైనా అడగాల్సినవి.

ఒకటి, కొనేవాళ్ళు ఎంతమంది? ఒక్కడే ఉంటే వాడు చెప్పిందే ధర. 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను 10,000 డాలర్లు దాటింది. మరుసటేడు మన రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కాల్సొచ్చింది. పది కొబ్బరితోటలవాళ్ళు కలిసి అమ్మితే, ఇంకో కొనేవాణ్ణి పిలవగలిగితే, పాత నేతగాడి ఆయుధం మళ్ళీ చేతికొస్తాది.

రెండు, ముందు అప్పు ఎవరిది? గల్ఫ్‌కి పంపే ఏజెంటుకి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు ఎమిగ్రేట్ పోర్టల్లో ఫోన్లోనే చూసుకోవచ్చు. సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. లక్షలడిగి, రసీదు ఇవ్వనంటే వాడి దగ్గర నుంచి లేచి వచ్చెయ్యండి. విజిటింగ్ వీసా మీద ఇంటిపనికి పంపిస్తానన్నవాడి మాట అస్సలు వినొద్దు. కతరీనా కాలంలో అడిగే చోటు లేదు. ఇప్పుడుంది.

మూడు, రకం కట్టేది ఎవరు, తగువొస్తే తీర్పు చెప్పేది ఎవరు? కొనేవాడూ తీర్పరీ ఒక్కడే అయితే ఏమవుద్దో 1765 తర్వాత గోదారి నేతగాళ్ళు చూసేరు. కాగితం మీద షరతులు ఏ భాషలో ఉన్నా, చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. ఒక కాపీ ఇంట్లో అమ్మ దగ్గరో, నాన్న దగ్గరో ఉంచండి.